అమావాస్యనాటి అడ్వాన్సు

చీరలకొట్టులో దొంగతనానికి వచ్చిన ఆడమనిషి ఎటు చూస్తుందో చెప్పమంటే కొత్తగా పనిలో చేరినవాళ్ళందరూ చీర వైపే అంటారు. సునయన ఒప్పుకోదు. చీర వైపు చూసేది కొనడానికొచ్చిన మనిషి. దొంగ చూసేది చీరలు విప్పి చూపించే అమ్మాయి మొహం. ఈ ముక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. మద్రాసు టి. నగర్‌లో, పాండీబజారుకు రెండు సందుల అవతల ఉన్న నాలుగంతస్తుల కొట్టులో, పైన మూటలు దాచే గది పక్కన ఇరికించిన కెమెరా గదిలో ఆరేళ్ళు కూర్చుని, పదహారు తెరలు చూసి చూసి తనంతట తాను పట్టుకున్న విద్య అది.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. పోస్టు ద్వారా బి.ఏ. చదివింది. జీతం పదహారున్నర వేలు, అందులో రెండువేల నాలుగు వందలు వారంలో మూడు సాయంత్రాలు షిఫ్టు అయ్యాక అదనంగా కూర్చున్నందుకు ఇచ్చే ఓవర్‌టైమ్. చింతాద్రిపేటలో, కూవం నది నుంచి మూడో వీధిలో రెండు గదుల ఇల్లు. అద్దె ఎనిమిది వేలు. తల్లి జానకీదేవి ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతుంది, జాకెట్లకు హుక్కులు వేస్తుంది. వాళ్ళ వాళ్ళు నేతపనికని ఆ పేటకు వచ్చి ఎన్ని తరాలయిందో లెక్క చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అది సగం దూరం వెళ్ళాక తమిళంలోకి తిరుగుతుంది, మళ్ళీ వెనక్కొస్తుంది.

ఆ ఇంటికి ఒక గొప్ప ఉంది. అప్పు లేదు. సునయన తండ్రి ఆస్పత్రిలో మూడు నెలలుండి పోయినప్పుడు చేసిన అప్పు తీరడానికి తల్లీకూతుళ్ళకు ఐదేళ్ళు పట్టింది. చివరి కంతు కట్టిన రోజున జానకీదేవి సేమ్యా పాయసం చేసి వీధిలో నాలుగిళ్ళకు పంచింది. ఏం విశేషమని అడిగినవాళ్ళకు "ఏమీలే, చుమ్మా, ఊరికే చేసినా" అంది. కాబట్టి అప్పు అనే మాట ఆ ఇంట్లో తేలిగ్గా రాదు. వచ్చిందంటే ఇద్దరికీ అన్నం సయించదు.

మరి అలాంటి పిల్ల అప్పు చేసి చదువుకోవాలని ఎందుకు అనుకుంది? అక్కడికే వస్తున్నాను.

రెండేళ్ళ కిందట, పెళ్ళిళ్ళ రోజుల్లో, మూడో తెర మీద ఒకావిడ సంచిలోకి ముదురాకుపచ్చ పట్టుచీర జారడం సునయన కళ్ళారా చూసింది. మెట్లన్నీ పరుగున దిగి, గుమ్మం దగ్గర ఆవిణ్ణి ఆపి "సంచి చూపించండమ్మా" అంది. సంచిలో చీర ఉన్నమాట నిజం. కానీ అది ఆవిడదే. జాకెట్టు గుడ్డకు రంగు జత చూసుకుందామని ఇంటినుంచి తెచ్చుకుని, చూసుకుని, మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆవిడ పెట్టిన కేకలకు రోడ్డు మీద పూలమ్మేవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. ఆవిడ కొడుకు లాయరట. "ఏ సెక్షన్ ప్రకారం మా అమ్మను ఆపావు?" అని ఇంగ్లీషులో అడిగాడు. సునయన చదివిన బి.ఏ.లో సెక్షన్లు లేవు. మేనేజరు రఘురామ్ వచ్చి, నలుగురి ముందూ ఆమె చేత రెండుసార్లు క్షమాపణ చెప్పించి పంపాడు.

అప్పటినుంచి తెర మీద నిజం దొంగ కనిపించినా సునయనకు కుర్చీలోంచి కాళ్ళు లేవవు. కిందనున్న గార్డుకు ఫోను చేస్తుంది. అతను ఎత్తేసరికి మనిషి పోతుంది. పోయిన ఏడాది అలా ఐదు చీరలు పోయాయి. రఘురామ్ గుంటూరు నుంచి వచ్చినాయన, మాట కటువు కాదు, కానీ ఒక రోజు నవ్వుతూనే అన్నాడు. "చూస్తూ కూర్చోడానికైతే కెమెరా చాలదా సునయనా? నువ్వు కూడా ఎందుకు?"

ఆ నవ్వు ఆమెతోపాటు బస్సెక్కి ఇంటికొచ్చింది.

అదే వారంలో ఫోనులో ఒక ప్రకటన కనబడింది. వడపళని వైపు ఒక మేడ మీద ఉన్న కమ్యూనిటీ కాలేజీ. క్రిమినల్ జస్టిస్‌లో ఏడాది సర్టిఫికెట్. దొంగను ఎవరు ఆపొచ్చు, ఎలా ఆపొచ్చు, పోలీసుకు ఏం రాసివ్వాలి, కోర్టులో ఏం చెప్పాలి, అన్నీ నేర్పుతామని. సునయనకు ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టయింది.

చూడ్డానికని వెళ్తే అక్కడ అడ్మిషన్లు చూసే ఫణీంద్ర అనే కుర్రాడు, ఆమె పేరు వినగానే కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"మన తెలుగువాళ్ళా మేడమ్! ముందే చెప్పరేంటండీ బాబూ. మాది రాజమండ్రి. కూర్చోండి, టీ చెప్తాను. వారానికి మూడు సాయంత్రాలండీ, అంతే. ఏడాది తిరిగేసరికి బ్యాంకులవాళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళు ఎగరేసుకుపోతారు. పాతికవేలకి రూపాయి తగ్గినా నన్నడగండి."

చేతికొక రంగుల కాగితం ఇచ్చాడు. అందులో ఆ కాలేజీలో చదివి పైకొచ్చిన నలుగురి ఫోటోలున్నాయి. నలుగురూ టైలు కట్టుకున్నారు. రెండో ఫోటో కింద 'ముత్తురాజ్, ఇన్వెస్టిగేషన్ ఆఫీసర్' అని ఉంది.

అన్నీ కలిపి ఫీజు ఎనభై ఆరు వేలు. ఒక్కసారి కట్టలేకపోతే వాళ్ళకు తెలిసిన ఫైనాన్సు ఉందట, నెలకు నాలుగువేల ఆరువందల యాభై చొప్పున ఇరవై నాలుగు నెలలు. సునయన బస్సులోనే గుణించింది. లక్షా పదకొండువేల ఆరువందలు. మళ్ళీ గుణించింది, అంతే వచ్చింది.

ఇంట్లో చెప్తే జానకీదేవి కుట్టే సూది ఆపింది.

"ఆ ఫైనాన్సు పిశాచం వద్దమ్మే. నా గాజులుండాయి గదా. రెండు సవర్లు. బ్యాంకులో పెట్టుకో. చదివి విడిపించు."

"అమ్మా, తొడుక్కునేదానికి నీకు ఉండేది ఆ రెండే."

"నన్ను యాడ పెండ్లికి పిలస్తా ఉండారు ఇప్పుడు? సరి, ఎప్పుడు కట్టల్లంట?"

"క్లాసులు ఆగస్టు నడిమధ్యలో. ఫీజు ఆ లోపల."

జానకీదేవి మేకుకు వేలాడుతున్న క్యాలెండరు దగ్గరికి లేచి వెళ్ళింది. అసలు తిరకాసు అక్కడ పడింది.

ఆషాఢం శూన్యమాసమని, మంచి పనులు మొదలెట్టకూడదని మనందరికీ తెలుసు. తమిళులకు ఆడి నెల అలాగే. రెండూ ఒకటేననుకుంటారు చాలామంది. కావు. మన ఆషాఢం అమావాస్యతో అయిపోతుంది. వాళ్ళ ఆడి సూర్యుడి లెక్కన ఆలస్యంగా వచ్చి, మన శ్రావణం మధ్యదాకా సాగుతుంది. ఆంధ్రాలో ఉన్నవాళ్ళకు ఒకటి పాటిస్తే సరి. తమిళులకూ ఒకటే. చింతాద్రిపేట లాంటి చోట పాతుకుపోయిన తెలుగిళ్ళున్నాయే, వాళ్ళు రెండూ పాటిస్తారు. పుట్టింది మనవాళ్ళలో కాబట్టి ఆషాఢం, ఉంటున్నది వీళ్ళ ఊళ్ళో కాబట్టి ఆడి. ఆ ఏడు ఈ కొసనుంచి ఆ కొసకు లెక్కేస్తే యాభై రెండు రోజులు. అన్ని రోజులూ కొత్త పనికి చెయ్యి పెట్టకూడదు.

"ఎల్లుండే ఆషాడం పుడతాది" అంది జానకీదేవి వేలు క్యాలెండరు మీద నిలిపి. "రేపే కొంచెం అడ్వాన్సు పడెయ్యి. పని మొదలుబెట్టినట్టు అయితాది. మిగిలింది ఆడి పోయినాక ఆవణి నెలలో కడదాం."

"రేపు అమావాస్య గదమ్మా! అమావాస్యనాడు మనోళ్ళు గుమ్మం దాటరు గదా?"

జానకీదేవి ఒక్క క్షణం ఆలోచించింది. "ఈ ఊళ్ళో అమావాస్య మంచిదే. ముందింటి శక్తివేలు అంగడి తెరిచింది అమావాస్యనాడే దా. ఇప్పుడు చూడు, మూడు ఫ్రిజ్జులు పెట్టినాడు."

చూశారా, ఆషాఢం నుంచి తప్పించుకోవడానికి అమావాస్యను తమిళుల లెక్కలోంచి అరువు తెచ్చుకున్నారు! మర్నాడు సునయన ఒక పూట సెలవు పెట్టి, దాచుకున్న దాంట్లోంచి ఐదువేలు తీసుకెళ్ళి కట్టేసింది. ఫణీంద్ర రసీదు ఇచ్చి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. ఇంటికొచ్చి చూసుకుంటే రసీదు అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, కట్టిన సొమ్ము ఏ కారణం చేతనూ తిరిగి ఇవ్వబడదని ఉంది. పదహారు తెరలూ ఒకేసారి చూడగల పిల్ల అరచెయ్యంత కాగితం చూసుకోలేదు. ఆ వెధవ హడావిడంతా పంచాంగం వల్లే మరి. ఇంకో వారం ఆగి ఉంటే పదిమందిని అడిగి ఉండేది.

ఇక ఆ యాభై రెండు రోజులూ ఆమె పడిన యాతన ఏమని చెప్పను. బస్సులో లెక్క, భోజనం డబ్బా మూత తీస్తూ లెక్క. పాతికవేల ఉద్యోగం వస్తే నెలకు ఎనిమిదిన్నర వేలు ఎక్కువ. ఫీజు, బ్యాంకు వడ్డీ, క్లాసుల వల్ల పోయే ఓవర్‌టైమ్ ఏడాదికి ఇరవై ఎనిమిదివేల ఎనిమిది వందలు, అన్నీ కలిపితే లక్షా ఇరవై రెండు వేలు. పదిహేను నెలల్లో తీరిపోతుంది. ఇలా అనుకోగానే ప్రాణం కుదుటపడేది. వెంటనే ఇంకో గొంతు, రాకపోతేనో? అమ్మ గాజులు బ్యాంకులోనే ఉండిపోతేనో? ఈ లోపల కెమెరా గది ఉద్యోగమూ ఊడితేనో? డబ్బా మూత మళ్ళీ పెట్టేసేది.

శ్రావణం రాగానే ఫణీంద్ర ఫోన్లు మొదలయ్యాయి.

"శ్రావణం వచ్చేసింది మేడమ్, ఇంకా దేనికి ఆలోచన? మనకి మంచి రోజులే కదండీ!"

"మాకు ఆడి అయిపోలేదు సార్."

"మీరు తెలుగువాళ్ళేనాండీ అసలు?"

"మెడ్రాసోళ్ళం సార్."

ఫణీంద్ర ఆ లెక్క వదిలేసి, సీట్లు అయిపోతున్నాయని, ఆమె కోసం ఒకటి చీర కొంగులో కట్టిపెట్టినట్టు దాచానని చెప్పి పెట్టేశాడు.

ఆడి నెలంటే టి. నగర్‌కు తిరునాళ్ళు. ఆడి తగ్గింపు ధరలకు ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ జనానికి కొట్టు గార్డులు చాలరు, ఒక ఏజెన్సీ నుంచి ఎనిమిది మందిని నెలకని తెచ్చారు. రెండో శనివారం మధ్యాహ్నం పదకొండో తెర మీద, స్కూటర్లు నిలిపేచోట, ఈల ఊదుతూ చెమటలు కక్కుతున్న ఒక కుర్రాడు కనిపించాడు. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. సునయన తెర పెద్దది చేసింది. చేతిసంచిలోంచి కాలేజీవాళ్ళ రంగుల కాగితం తీసింది. రెండో ఫోటో. అదే కనుబొమ.

టీ విరామంలో దిగి వెళ్ళింది. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి.

"తమ్ముడూ, నీ పేరు ముత్తురాజా?"

"అవునక్కా. ఏం, ఎవరి బండికైనా గీత పడిందా? నేను కాదక్కా."

ఆమె కాగితం చూపించింది. ముత్తురాజ్ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నవ్వాపుకోలేక పక్కనున్న స్కూటరు మీద కూర్చున్నాడు.

"అక్కా, సరిగ్గా చూడు. నలుగురికీ ఒకటే టై. ఆఫీసు బీరువాలో ఉండేది. ఒకడు ఫోటో దిగి విప్పితే ఇంకొకడు కట్టుకునేది. నాకు ముడి వెయ్యడం రాకపోతే ఆ ఫణీంద్రే వేశాడు."

సునయన చూసింది. నీలం మీద తెల్ల చారలు. నాలుగు ఫోటోల్లోనూ అదే. ఇన్నాళ్ళూ రోజుకోసారి తీసి చూసుకుంటున్న కాగితం.

"పాసయినావా?"

"ఫస్టుక్లాసక్కా!"

"మరి ఆఫీసరు అని రాసుండారే?"

"ఏజెన్సీ కార్డులో అట్లే ఉంటుంది. వాచ్‌మెన్ అని రాస్తే ఎవరూ చేరరు కదా. జీతం పదిహేనువేల ఐదువందలు. సర్టిఫికెట్ చూపిస్తే, మంచిది తంబీ, జాగ్రత్తగా పెట్టుకో అన్నారు. పెట్టుకున్నాను. ఫైనాన్సుకు ఇంకా ఏడు కంతులున్నాయి."

సునయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది. "ఎందుకు చేరినానా అని తిట్టుకుంటావా?"

ముత్తురాజ్ ఈల అంచు కొరుకుతూ ఆలోచించాడు. "కంతు కట్టే రోజు తిట్టుకుంటానక్కా. మిగతా రోజులు లేదు. ఆనందన్ సార్ అని ఉన్నారు, రిటైరయిన ఇన్‌స్పెక్టరు. ఆయన పాఠం చెప్తే కథ విన్నట్టుంటుంది. ఎవరిని ఆపొచ్చు, ఎవరి మీద చెయ్యి వెయ్యకూడదు, అన్నీ. పోయిన నెల ఎన్నూరులో ఒక గోడౌను దగ్గర డ్యూటీ. లారీ డ్రైవరు నన్ను మా అమ్మతో కలిపి తిట్టాడు. సార్ చెప్పింది గుర్తులేకపోతే వాణ్ని కొట్టి ఈపాటికి లోపలుండేవాణ్ని."

ఆ మాటతో సునయన బాధ రెండింతలైంది. చదువు దండగ అని చెప్పి ఉంటే ఐదువేలూ పోయాయనుకుని ఏడ్చి ఊరుకునేది. చదువు మంచిదేనట, అది డబ్బు మాత్రం తేదట. ఈ లెక్క ఎలా వెయ్యాలో ఆమెకు అంతుపట్టలేదు.

మర్నాడు ధైర్యం కూడగట్టుకుని రఘురామ్ గదిలోకి వెళ్ళింది. సర్టిఫికెట్ తెస్తే జీతం ఎంత పెంచుతారని అడిగింది.

రఘురామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజం చెప్పమంటావా, మనసుకు హాయిగా ఉండేది చెప్పమంటావా?"

"నిజమే చెప్పండి సార్."

"పదిహేను వందలు పెంచమని ఓనర్ని అడుగుతాను. అంతకు మించి నా వల్ల కాదమ్మా. అది కూడా నోటిమాటే, రాసివ్వలేను. సరేగాని, వారానికి మూడు సాయంత్రాలు పోతే ఓవర్‌టైమ్ ఎవరు కూర్చుంటారు? అది కూడా చూసుకో."

పదిహేను వందలు. లక్షా ఇరవై రెండు వేలను దాంతో భాగిస్తే ఎనభై ఒక్క నెలలు. ఆరేళ్ళ తొమ్మిది నెలలు. నాన్న ఆస్పత్రి అప్పు కంటే ఏడాది తొమ్మిది నెలలు ఎక్కువ. సునయన మెట్లెక్కి కెమెరా గదికి వచ్చి కూర్చుంది గాని ఆ పూట ఏ తెర మీద ఏం జరిగిందో ఆమెను అడిగితే చెప్పలేదు.

ఆవణి నెల ఆదివారం నాడు పుట్టింది. పొద్దున్నే జానకీదేవి తలంటుకుని, గాజులు సబ్బునీళ్ళతో తోమి, పసుపు బొట్టు పెట్టి, చేతిరుమాల్లో కట్టి కూతురి ముందు పెట్టింది. చేతులు బోసిగా ఉండకూడదని అప్పటికే ఎర్ర మట్టిగాజులు వేసుకుంది.

"రేపు సోమవారం. బ్యాంకుకు పోయి, ఆట్నే కాలేజీకి పోయి కట్టేసిరా."

సునయన అప్పటిదాకా దాచిందంతా చెప్పింది. టై సంగతి, ముత్తురాజ్ కంతులు, పదిహేను వందలు, ఎనభై ఒక్క నెలలు. జానకీదేవి గాజుల మూట ముడి మళ్ళీ బిగించింది.

"అడ్వాన్సు కట్టేసినాం గదమ్మే. మొదలుబెట్టింది నడిమధ్యలో వదిలితే ఎట్ల?"

"ఐదువేలు పోతాదని ఎనబై వేలు పోసేదా?"

"ఐదువేల గురించి కాదే." జానకీదేవి గొంతు తగ్గింది. "ఆ పొద్దు ఆ లాయరు కొడుకు నిన్ను అడిగినాడే, అప్పటినుంచి నువ్వు తల వొంచుకుని పోతాండావు. అంగడికి పాలకు పోయినా తల వొంచుకునే. నేను చూస్తాండా. గాజులు పోతే పోనీ."

సునయనకు ఏడుపొచ్చింది. గాజులు ఇస్తానన్నందుకు కాదు. అమ్మ అంత కనిపెట్టి చూస్తోందని తనకు తెలియనందుకు.

సోమవారం గాజులు సంచి అడుగున పెట్టుకుని బయలుదేరింది. బ్యాంకు దారిలోనే ఉంది. కాళ్ళు ఆగలేదు, ముందు కాలేజీకే వెళ్ళింది.

"రండి రండి మేడమ్! ఆఖరి రోజు, ఆఖరి సీటు!" అన్నాడు ఫణీంద్ర.

"సార్, పాతికవేలు జీతం వస్తాదన్నారే, అది ఈ రసీదు ఎనకాల రాసి సంతకం చెయ్యండి. డబ్బు తెస్తా."

"అలా ఎవరు రాసిస్తారండీ!"

"మరి ముత్తురాజుకు పదిహేనున్నరే దా వస్తా ఉంది. ఆ టై కూడా మీదే అంట."

ఫణీంద్ర నవ్వు మొహంలో సగంలో ఆగిపోయింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మేడమ్, నాకూ నెలకిన్ని అడ్మిషన్లని టార్గెట్ ఉంటుందండీ. లేకపోతే నా జీతం కోస్తారు. పదివేలు తగ్గిస్తాను. డెబ్బై ఆరు. ఇంక మాట్లాడకండి."

ఎనభై ఒక్క నెలలు డెబ్బై అయిదవుతాయి. అంతే కదా. సునయన తలెత్తకుండానే తల అడ్డంగా ఊపింది. "నా ఐదువేలు ఇచ్చేయండి."

"అది రానే రాదండీ. రసీదు మీద ఉంది చూడండి."

ఆమె లేచింది. గుమ్మం దాకా వచ్చింది. ఐదువేలు పోయాయి, పోనీ, గాజులు మిగిలాయి అని మనసుకు చెప్పుకుంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి ఆగిపోయింది. వాళ్ళ కొట్టులో క్యాష్ కౌంటరు దగ్గర రోజుకు ఇరవైమందైనా చీర నచ్చలేదని తిరిగి తెస్తారు. డబ్బు ఇవ్వరు. నిలబెట్టి ఒకటే మాట చెబుతారు. రొక్కం తిరిగి రాదమ్మా, దానికి సరిపడా సరుకు తీసుకెళ్ళండి. టి. నగర్‌లో ఏ కొట్టుకెళ్ళినా అదే పద్ధతి. డబ్బూ ఇవ్వకుండా సరుకూ ఇవ్వకుండా పంపే కొట్టు మాత్రం ఎక్కడా లేదు.

వెనక్కి వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది.

"ఏడాదికి ఎన్ని క్లాసులు సార్?"

"నూట ఇరవై. ఎందుకండీ?"

"ఎనబై ఆరు వేలకి నూట ఇరవై అంటే క్లాసుకు ఏడువందల పదిహేడు. ఐదువేలకి ఏడు క్లాసులు. పంతొమ్మిది రూపాయలు తక్కువ పడతాది, అది నేనే ఇస్తా." రెండు పదిరూపాయల నోట్లు బల్ల మీద పెట్టింది. "డబ్బు ఇయ్యకండి. సరుకు ఇయ్యండి."

"ఇదేం చీరలకొట్టా మేడమ్!" ఫణీంద్ర తల పట్టుకున్నాడు. "విడిగా క్లాసులు అమ్మడం ఎక్కడైనా ఉందాండీ? నా ఉద్యోగం ఊడగొట్టేలా ఉన్నారు."

"ఎవరి ఉద్యోగం ఊడుతుంది?" అంటూ లోపలికొచ్చాడు ఒక పెద్దమనిషి. తెల్ల చొక్కా, బారెడు మీసం, చంకలో గొడుగు. ఆనందన్ సారే. ఆంధ్రా సరిహద్దులోని తిరుత్తణి స్టేషన్లో తొమ్మిదేళ్ళు చేసినప్పుడు నేర్చుకున్న తెలుగు ఆయనది. ఫణీంద్ర ఫిర్యాదు చేశాడు, సునయన చెప్పుకుంది, ఇద్దరూ ఒకేసారి. ఆయన చెయ్యెత్తి ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడించి, రసీదు అటూ ఇటూ తిప్పి చదివాడు.

"డబ్బు తిరిగి ఇవ్వబోమని ఉండాది. క్లాసు ఇవ్వబోమని యాడా లేదే?" అన్నాడు ఫణీంద్రతో. "నా క్లాసులో ముప్పై కుర్చీలు. పన్నెండుమంది కూర్చుంటారు. ఈ అమ్మాయి ఒక కుర్చీలో కూర్చుంటే కుర్చీ అరిగిపోతుందా? ప్రిన్సిపాలుకు నేను చెప్పుకుంటా. ఆ పాఠాల పట్టీ తీ."

ఫణీంద్ర బల్ల మీది ఇరవై రూపాయలు తీసుకుని, రూపాయి చిల్లర కోసం సొరుగంతా వెతికి ఇచ్చి మరీ పట్టీ తీశాడు.

నూట ఇరవై పాఠాల పేర్లు. ఏడు ఏరుకోవాలి. సునయన వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చింది. పోలీసు కాని మనిషి దొంగను పట్టుకోవడం, ఒకటి. ఆడవాళ్ళ సంచులు సోదా చెయ్యడం, రెండు. కెమెరాలో పడింది సాక్ష్యంగా ఎప్పుడు చెల్లుతుంది, మూడు. ఫిర్యాదు రాయడం, నాలుగు. తప్పుగా ఆపితే ఏమవుతుంది, ఐదు. అది చూసేసరికి చెవులు వేడెక్కాయి. కోర్టులో సాక్షి, ఆరు. ఏడోది దొరకలేదు. పట్టీ రెండుసార్లు చదివింది. ఏది వదిలితే అదే రేపు అవసరమవుతుందేమోనని బెంగ.

"ఒకటి తర్వాత చెప్తా సార్."

"ఆడి కూపనా, దాచుకునేదానికి? ఇప్పుడే చెప్పల్ల."

ఆమె కళ్ళు మూసుకున్నంత పని చేసి, పిల్లలు దొంగతనం చేసినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పాఠం మీద వేలు పెట్టింది. పెట్టాక కూడా, అయ్యో, దాని కింది పాఠమైతే బాగుండేదేమో అనుకుంది.

గాజులు ఇంటికి తిరిగొచ్చాయి. జానకీదేవి వాటిని వెంటనే తొడుక్కోలేదు. "ఏడు క్లాసులకి సర్టిఫికెట్ ఇస్తారా?" అంది. ఇవ్వరంది సునయన. "జీతం?" పెరగదంది. "ఏందో నీ లెక్క" అని జానకీదేవి లోపలికి పోయి చారుకు తాలింపు వేసింది. చాలా రోజుల తర్వాత ఆ పూట ఇద్దరూ మారు వడ్డించుకుని తిన్నారు.

ఏరుకున్నవాటిలో మొదటి పాఠం మంగళవారమే. ఆ సాయంత్రం ఐదు గంటలకు సునయన రఘురామ్ దగ్గర నిలబడి, సంగతంతా చెప్పి, ఏడు సాయంత్రాలు ముందుగా వెళ్ళనివ్వమని అడిగింది.

"ఏడు రోజుల ఓవర్‌టైమ్ పోతుంది. సర్టిఫికెట్ రాదు. పదిహేను వందలు కూడా రావు" అన్నాడు రఘురామ్. "లెక్కలు బాగా వచ్చినదానివి. ఇదేం లెక్కమ్మా?"

"అప్పు లేదు గదా సార్."

రఘురామ్ చేత్తో వెళ్ళమన్నట్టు సైగ చేశాడు.

బస్సులో నిలబడే వెళ్ళింది. పాఠం అర్థం కాకపోతేనో? ఏడాదంతా చదివేవాళ్ళ మధ్య తాను ఒక్కతీ ఏడు రోజుల మనిషి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? ఆనందన్ సారు మనసు మార్చుకుని ఉంటేనో? పావుగంట ముందే చేరింది. గదిలో ఎవరూ లేరు. చివరి వరసలో కూర్చుంది. రెండు నిమిషాలాగి లేచి మధ్యకు వచ్చింది. అక్కడా ఉండలేక, ఏడువందల పదిహేడు రూపాయల కుర్చీ ఇది అనుకుని, మొదటి వరసలో బల్లకు ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచింది. ఒక్కొక్కరే వచ్చి వెనక సర్దుకుంటున్న చప్పుడు. అందరూ తన వీపుకేసే చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. ఆనందన్ సారు గొడుగు మూలన పెట్టి, బోర్డు మీద తేదీ వేశాడు. సునయన కూడా వేసుకుంది.